వంటిల్లు మార్పిస్తున్నాం: మైక్రోవేవ్ ఎక్కడ పెట్టాలి? హాబ్ పైనా, టాల్ యూనిట్‌లోనా, గట్టు మీదా?

వంటిల్లు_మార్పు

నమస్కారం అండీ. పాత వంటిల్లు మొత్తం విప్పేసి కొత్తగా చేయిస్తున్నాం. కరెంటు పైపులు గోడలో వేసే లోపే మైక్రోవేవ్ చోటు ఖాయం చేయమని మేస్త్రి అడుగుతున్నారు. కొలతలన్నీ రాస్తున్నాను, చూసి చెప్పండి.

ఎల్ ఆకారం వంటిల్లు. పొడుగు గోడ 360 సెం.మీ. దానికి ఎదురుగా నిలబడితే ఎడమ చివర మూల వస్తుంది, అక్కడి నుంచి గట్టు ఎడమ గోడ వైపు తిరుగుతుంది. ఆ వైపు కిటికీ కింద సింకు, మూల నుంచి 100 సెం.మీ. దగ్గర మొదలు. పొడుగు గోడ మీద మూల నుంచి 120 దగ్గర 60 సెం.మీ. గ్యాస్ హాబ్ (గట్టులో బిగించే స్టవ్). కుడి చివర ఫ్రిజ్‌కి 75 వదిలాం. గట్టు ఎత్తు 88, లోతు 60. వంట చేసేది ఇద్దరం, ఒకరి ఎత్తు 152, ఇంకొకరిది 175.

మైక్రోవేవ్ ఇప్పటికే ఉంది. 28 లీటర్ల కన్వెక్షన్, విడిగా నిలబెట్టే రకం. వెడల్పు 51.5, ఎత్తు 31, లోతు 49, బరువు 18 కిలోలు. తలుపు బందులు ఎడమ పక్కన, బటన్లు కుడి పక్కన. చోటు సరిగ్గా కుదురుతుందంటే దీన్ని వదిలి బిల్ట్-ఇన్ కొనడానికైనా సిద్ధమే.

మా ముందున్న దారులు నాలుగు:

ఎ) చిమ్నీ తీసేసి, హాబ్ పైన చిమ్నీ ఫ్యాన్‌తో కలిసి వచ్చే మైక్రోవేవ్.
బి) పై అల్మరాల వరుసలో ఒక అర తెరిచి ఉంచి అందులో. అడుగు నేల నుంచి 140 వస్తుంది.
సి) ఫ్రిజ్ పక్కన 60 సెం.మీ. టాల్ యూనిట్ (నేల నుంచి లేచే నిలువు అల్మరా), కింద బిల్ట్-ఇన్ ఓవెన్, దాని మీద మైక్రోవేవ్.
డి) గట్టు కింద, హాబ్ పక్క అల్మరాలో.

నా మనసు సి వైపే ఉంది. కాకపోతే గట్టులో 60 సెం.మీ. పోతుందని బాధ.

---

కొలతబద్ద

చోటు తర్వాత చూద్దామండీ, ముందు ఎత్తు తేల్చుకోండి. మీ నాలుగు దారుల్లో మూడు ఎత్తు దగ్గరే పడిపోతాయి.

లెక్క ఎప్పుడూ పొట్టిగా ఉన్నవాళ్ళ నుంచి మొదలుపెట్టాలి. నేల నుంచి భుజం దాకా మనిషి ఎత్తులో సుమారు 82 శాతం, మోచెయ్యి దాకా 63 శాతం ఉంటుంది. 152 సెం.మీ. మనిషికి భుజం 125 దగ్గర, మోచెయ్యి 96 దగ్గర. అమెరికాలో నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ వాళ్ళ మార్గదర్శకాల్లో మైక్రోవేవ్ అడుగు, ఎక్కువగా వాడే మనిషి భుజానికి 3 అంగుళాలు కిందే ఉండాలని, ఎవరికైనా సరే నేల నుంచి 54 అంగుళాలు దాటకూడదని ఉంది. 3 అంగుళాలంటే ఏడున్నర సెంటీమీటర్లు. మీ ఇంట్లో పై హద్దు 117 అన్నమాట. కింది హద్దుగా మోచెయ్యి ఎత్తు 96 పెట్టుకోండి. అంతకంటే కిందికి పోతే నడుము వంచాల్సి వస్తుంది. 96కీ 117కీ మధ్య ఎక్కడున్నా ఇద్దరికీ హాయిగా ఉంటుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, గిన్నె నిలబడేది ఓవెన్ అడుగున కాదు. కింద కాళ్ళు, పెట్టె అడుగు, రోలర్ రింగు, తిరిగే గాజు పళ్ళెం అన్నీ కలిపి ఇంకో 5, 6 సెం.మీ. పైన ఉంటుంది. బి లో అడుగు 140 అంటున్నారు, గిన్నె కూర్చునేది 145 మీద. 152 మనిషికి కళ్ళు దాదాపు 141 దగ్గర ఉంటాయి. గిన్నెలో నీళ్ళు అంచుదాకా ఉన్నాయో సగమే ఉన్నాయో కూడా కనపడదు. చేతులు పైకెత్తి గిన్నె లాగుతుంటే పళ్ళెం అంచు దాటేటప్పుడు గిన్నె మన వైపు వాలుతుంది, వేడి నీళ్ళు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారతాయి. మైక్రోవేవ్ దగ్గర కాలిన గాయాలంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ కదలికే. బి వద్దు.

ఎ కూడా వద్దంటాను. హాబ్ మీద మైక్రోవేవ్ అడుగు మామూలుగా 33 నుంచి 45 సెం.మీ. పైన వస్తుంది. మీ గట్టుకి 88 కలిపితే 121 నుంచి 133, హద్దు దాటిపోయింది. పైగా వెలిగే మంట మీదుగా చెయ్యి చాపాలి. ఆ రకం లోతు 40 సెం.మీ. అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ముందు బర్నర్ల నుంచి లేచే ఆవిరి, జిడ్డు దాని ముందు నుంచే పైకి వెళ్ళిపోతాయి. ఫ్యాన్ శక్తి కూడా చాలా మోడళ్ళలో 300, 400 సీఎఫ్ఎం (నిమిషానికి లాగే గాలి, క్యూబిక్ అడుగుల్లో) దగ్గరే ఆగుతుంది, అంటే గంటకు 510 నుంచి 680 క్యూబిక్ మీటర్లు. మంట మీద ఎక్కువ వండే ఇంటికి 60 సెం.మీ. వెడల్పు మంచి చిమ్నీయే నయం. ఇంకో మాట, మీ దగ్గరున్న విడి ఓవెన్‌ని మాత్రం ఎలాంటి అర కట్టించి అయినా సరే హాబ్ పైన పెట్టకండి. కింది నుంచి వచ్చే వేడికి, జిడ్డుకి అది తయారైంది కాదు.

డి గురించి క్లుప్తంగా: గట్టు కింద పెట్టాల్సి వస్తే అడుగు నేల నుంచి కనీసం 38 సెం.మీ. ఉండాలి. పక్కకి తెరిచే తలుపు ఓవెన్‌కి మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూడాలి. అక్కడికి సరిగ్గా నప్పేది ముందుకు జారే డ్రాయర్ రకం. దాంట్లో పై నుంచి గిన్నె తీస్తాం, తిరిగే పళ్ళెం ఉండదు. చిన్నపిల్లలు తిరిగే ఇల్లయితే మాత్రం లాక్ తప్పనిసరి.

మిగిలింది సి. ఎత్తు లెక్కలో చక్కగా ఇముడుతుంది: స్కర్టింగ్ (అల్మరా కింది పాదం పట్టీ) 10, దాని మీద డ్రాయర్ 30, అర మందం దాదాపు 2, ఓవెన్ గూడు 60, మళ్ళీ అర 2. మైక్రోవేవ్ అడుగు 104 దగ్గర కూర్చుంటుంది. ఇద్దరికీ సరిపోయే ఎత్తు.

కానీ సి లో మీరు చూడనిది ఒకటుంది. మీ తలుపు బందులు ఎడమ పక్కన. టాల్ యూనిట్‌కి కుడి పక్క ఫ్రిజ్, ఎడమ పక్క గట్టు. తలుపు తెరిచారంటే అది గట్టుకీ మీకూ మధ్య గోడలా నిలబడుతుంది. వేడి గిన్నె పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసి, తలుపు చుట్టూ తిరిగి ఎడమకి రావాలి. లేదా గిన్నె ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తలుపు మూయాలి. కుడివైపు దించుదామంటే ఫ్రిజ్ తలుపు. ఎడమ బందుల ఓవెన్‌కి దించే చోటు కుడి పక్కనే ఉండాలి, కనీసం 38 నుంచి 40 సెం.మీ. వెడల్పుతో. విడి ఓవెన్లలో దాదాపు అన్నిటికీ బందులు ఎడమవైపే ఉంటాయి, తిప్పి బిగించే వీలు ఉండదు. కాబట్టి ఓవెన్ మారిస్తే సరిపోతుందిలే అనుకోకండి.

దీనికి మందు ఒకటుంది. మైక్రోవేవ్ గూటికి సరిగ్గా కింద, ముందుకు లాగే పలక. దాని సంగతి చెక్కపని తెలిసినవాళ్ళు చెప్తే బాగుంటుంది.

---

రంపం_ఉలి

పలక గురించి చెప్తాను. 18 మి.మీ. ప్లై, పైన లామినేట్, వెడల్పు గూటి వెడల్పంత, లోతు 45. రెండు పక్కలా 45 కిలోలు మోసే ఫుల్ ఎక్స్‌టెన్షన్ బాల్ బేరింగ్ ఛానళ్ళు, 450 మి.మీ. పొడుగువి. పూర్తిగా లాగినప్పుడు పట్టి ఆగే లాకింగ్ రకమే తీసుకోండి. మామూలువి వేస్తే గిన్నె పెడుతుండగా పలక వెనక్కి జారుతుంది. పలకకీ ఛానళ్ళకీ కలిపి 5 సెం.మీ. ఎత్తు పోతుంది, అంటే మైక్రోవేవ్ అడుగు 104 నుంచి 109కి వస్తుంది. పైన చెప్పిన 117 లోపలే ఉన్నాం. తలుపు పలక కంటే పైన తిరుగుతుంది కాబట్టి రెండూ ఒకదానికొకటి తగలవు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. మీ 51.5 ఓవెన్ 60 సెం.మీ. టాల్ యూనిట్‌లో సరిగా పట్టదు. బయటికి 60 అంటే రెండు పక్కల ప్లై 18, 18 మి.మీ. పోగా లోపల 56.4 మిగిలింది. ఓవెన్ నడిమధ్యన పెడితే పక్కకి రెండున్నర సెం.మీ. లోపే ఖాళీ. విడి ఓవెన్ల మాన్యువళ్ళలో మామూలుగా కనిపించేది పక్కలకి 5, వెనక 10, పైన 20 సెం.మీ. కంపెనీని బట్టి మారతాయి, మీ మాన్యువల్‌లో ఉన్నదే మీకు లెక్క. పక్కకి 5 చొప్పున కావాలంటే 51.5 + 10 + 3.6, అంటే యూనిట్ 65 సెం.మీ. చేయించాలి. హాబ్ నుంచి ఫ్రిజ్ దాకా మీకు 105 ఉంది, 65 పోతే హాబ్ పక్కన 40 గట్టు మిగులుతుంది. హాబ్ మీద గిన్నెల పిడి కాడలు యూనిట్ గోడకి కొట్టుకోకుండా ఉండాలంటే 40 కంటే తగ్గించొద్దు.

గూటి ఎత్తు 31 + 20 = 51. లోతు 49 + 10 = 59. యూనిట్ లోతు 60 కాబట్టి సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ వెనక ప్లై కొట్టేస్తే సరిపోదు. మైక్రోవేవ్ గూడు ఉన్న మేరకు వెనక పలక వేయొద్దు, గోడ కనపడాలి. అర కూడా గోడదాకా పోనివ్వకుండా 4, 5 సెం.మీ. ముందే ఆపండి. స్కర్టింగ్‌లో జాలీ, యూనిట్ నెత్తిన తెరిచిన చోటు పెడితే కింద చల్లగాలి లోపలికి వస్తుంది, వెనక నుంచి వేడిగాలి పైకి పోతుంది. కింద బిల్ట్-ఇన్ ఓవెన్ కూడా ఉంది కాబట్టి ఈ గాలి దారి మీకు ఇంకా ముఖ్యం. గాలి ఆడకపోతే మొదట మైక్రోవేవ్ మధ్యలో తనంతట తానే ఆగిపోతుంటుంది. వేడెక్కినప్పుడు కాపాడే థర్మల్ కటౌట్ పని అది. చాలామంది మెషీన్ పాడైందనుకుని మెకానిక్‌ని పిలుస్తారు. చల్లారాక మళ్ళీ పనిచేస్తుంటే ముందు గూడు చూసుకోవాలి.

ఓవెన్ కింది రబ్బరు కాళ్ళు పీకి గూట్లో ఇరికించే పని ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోకండి. కొన్ని మోడళ్ళు గాలి పీల్చేది అడుగు నుంచే.

18 కిలోల బరువుకి 18 మి.మీ. ప్లై అర, 60 సెం.మీ. నిడివి వరకు బాగానే మోస్తుంది. ఒట్టి పిన్నుల మీద మాత్రం ఆనించొద్దు. రెండు పక్కలా, వెనకా ప్లై బద్దలు బిగించి వాటి మీద కూర్చోబెట్టి స్క్రూ చేయాలి. అర మట్టం స్పిరిట్ లెవెల్‌తో చూసుకోండి. ఒక పక్కకి వాలితే గాజు పళ్ళెం తిరిగినప్పుడల్లా టకటకమంటుంది. గూటి అంచులన్నిటికీ, ముఖ్యంగా పై అర కింది అంచుకి, ఎడ్జ్ బ్యాండింగ్ (ప్లై అంచుని మూసే పట్టీ) అతికించాలి. తలుపు తీసిన ప్రతిసారీ ఆవిరి వెళ్ళి తగిలేది అక్కడే. పచ్చి ప్లై అంచు వదిలేస్తే కొన్నాళ్ళకి పొరలు విచ్చుకుని ఉబ్బుతుంది.

బిల్ట్-ఇన్ కొంటే లెక్క వేరు. దానికి గూడు వెడల్పు 56, ఎత్తు 38, లోతు 55 అన్నది చాలా కంపెనీల్లో కలుస్తుంది, ముందు ఫ్రేము 59.5 ఉంటుంది. 60 యూనిట్‌లో హాయిగా కూర్చుంటుంది. గాలి ముందు ఫ్రేములోంచో వెనక నుంచో పోయేలా వాళ్ళే దారి చేసి ఉంటారు. రేపు అది పాడైనా అదే గూట్లో ఇంకోటి పట్టే అవకాశం ఎక్కువ. విడి ఓవెన్‌కి కొలిచి గూడు కట్టిస్తే, మారిస్తే వచ్చేది 3 సెం.మీ. ఎక్కువ వెడల్పుదైనా కావొచ్చు, అందుకని ఎటూ కొంచెం వదులుగానే కట్టించండి. విడి ఓవెన్ చుట్టూ ట్రిమ్ ఫ్రేము బిగిస్తే బిల్ట్-ఇన్ లాగే ఉంటుందని కొందరు చెప్తారు. ఆ మోడల్‌కి కంపెనీ చేసిన ఫ్రేము ఉంటేనే వేయండి. చెక్కతో చుట్టూ మూసేశారంటే గాలి దారి మూసేసినట్టే.

---

ఫేజ్_న్యూట్రల్

పైపులు ఇంకా వేయలేదన్నారు కాబట్టి ఇప్పుడే ఈ నాలుగు మాటలు మీ ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.

28 లీటర్ల కన్వెక్షన్ ఓవెన్ మైక్రోవేవ్‌గా నడిచినప్పుడు లాగేది 1400 వాట్ల దగ్గర. కన్వెక్షన్‌లో హీటర్ పడితే 2100 నుంచి 2500 దాకా పోతుంది. డబ్బా మీద 900 వాట్లని రాసి ఉంటుంది. అది గిన్నెకి చేరే శక్తి, గోడలోంచి లాగేది కాదు. వెనక రేటింగ్ ప్లేటు మీద ఇన్‌పుట్ అని ఉన్న అంకె చూడండి. 230 వోల్టుల మీద 2500 వాట్లంటే 11 ఆంపియర్లు. కాబట్టి 6 ఆంపియర్ల సాకెట్ పనికిరాదు. 16 ఆంపియర్ల సాకెట్, దానికి బోర్డు నుంచి విడిగా ఒక లైను, 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్). రాగి తీగ 2.5 స్క్వేర్ ఎంఎం కనీసం, బోర్డు దూరంగా ఉంటే 4 వేయించండి. బిల్ట్-ఇన్ ఓవెన్‌కి పూర్తిగా వేరే లైను. రెండూ ఒకే లైను మీద పెడితే ఒకేసారి వాడిన రోజున ఎంసీబీ పడుతుంది. ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. 120 వోల్టుల దేశాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి: అక్కడ అదే శక్తికి ఆంపియర్లు దాదాపు రెట్టింపు, అందుకే అక్కడ మైక్రోవేవ్‌కి 20 ఆంపియర్ల విడి సర్క్యూట్ వేస్తారు.

సాకెట్ ఓవెన్ వెనక పెట్టించకండి. రెండు కారణాలు. ప్లగ్ టాప్ గోడ నుంచి 5 సెం.మీ. దాకా పొడుచుకొస్తుంది. మీ లోతు లెక్క 59, యూనిట్ 60, ఆ ప్లగ్ వల్ల గాలికి వదిలిన చోటు తగ్గిపోతుంది, లేదా ఓవెన్ ముందుకి పొడుచుకొస్తుంది. రెండోది, పొగ వచ్చిందంటే 18 కిలోల ఓవెన్ లాగి స్విచ్ ఆపే సమయం ఉండదు. పక్క అల్మరాలో గానీ, టాల్ యూనిట్ పై అరలో గానీ సాకెట్ పెట్టి, ప్లై లో 6 సెం.మీ. రంధ్రం చేసి రబ్బరు గ్రోమెట్ వేసి తీగ అటు తీసుకెళ్ళండి. ప్లగ్ దూరాలంటే ఆ రంధ్రం 6 ఉండాలి, 3 చేస్తే ప్లగ్ కోయాల్సి వస్తుంది. మరిచిపోకుండా తీగ పొడుగు కొలుచుకోండి. చాలావాటికి మీటరు అటూ ఇటూ ఉంటుంది, అదీ ఏ మూల నుంచి బయటికి వస్తుందో చూడాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నడపొద్దు. వదులు పిన్నుల దగ్గర వేడి పుట్టి ప్లగ్ గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ రంగు కనిపించిందంటే సాకెట్ మార్చాల్సిందే.

వైఫై రూటర్ ఆ గోడకి అవతలి పక్క ఉంటే జరపండి. మైక్రోవేవ్ నడిచేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, 2.4 వైఫై దాని పక్కనే. ఓవెన్ నడిచినంతసేపూ నెట్ నత్తనడక నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి ఆ ఇబ్బంది లేదు.

---

గట్టు_మూల

అందరూ టాల్ యూనిట్ దగ్గరే ఉండిపోయారు. బిల్ట్-ఇన్ ఓవెన్ తప్పనిసరిగా కావాలనుకుంటేనే సి కి అర్థం ఉంది. అది లేకపోతే గట్టులో 65 సెం.మీ. పోగొట్టుకోవడం ఎందుకు? మీ ఎడమ మూల చూడండి, ఎలాగూ చెయ్యి అందని చోటు అది.

మూలలో ఓవెన్‌ని ఏటవాలుగా, ముఖం గది వైపు తిప్పి పెడితే, వెనక రెండు మూలలు రెండు గోడల వైపు వస్తాయి. 51.5 వెడల్పు, 49 లోతుకి లెక్క వేస్తే ఒక్కో గోడ వెంట 71 సెం.మీ. ఆక్రమిస్తుంది. వెనక మూలలు గోడకి 5 సెం.మీ. దూరం జరిపితే 76. ఓవెన్ వెనక త్రికోణం ఖాళీ ఎలాగూ ఉంటుంది, గాలికి అదే సరిపోతుంది. మూల నుంచి ఐమూలగా కొలిస్తే గట్టు లోపలి కోణం 85 దగ్గర ఉంటుంది, ఓవెన్ ముఖం 82 దగ్గర ఆగుతుంది. గట్టు దాటి బయటికి రాదు. మీ హాబ్ 120 దగ్గర మొదలు కాబట్టి మధ్యలో 44 సెం.మీ. మిగిలింది. సింకు 100 దగ్గర మొదలు, అటు 24. నీళ్ళు చిందకుండా ఆ పక్క ఒక చిన్న గాజు అడ్డు పెట్టండి.

అన్నిటికంటే బాగున్నది తలుపు. మూలకి ఎదురుగా నిలబడితే తలుపు ఎడమకి, సింకు వైపు తిరుగుతుంది. కుడి చేతి పక్కన హాబ్ దాకా ఆ 44 గట్టు ఖాళీ. కొలతబద్ద గారు అడిగిన 40 అక్కడే ఉంది. ఎత్తు 88 మరీ కింద అనిపిస్తే, గట్టు మీద 20 సెం.మీ. ఎత్తు బల్ల లాంటి పీట వేసి దాని మీద పెట్టండి. అడుగు 108కి వస్తుంది, పీట కింద డబ్బాలు పట్టే చోటు మిగులుతుంది. పీట కాళ్ళు లోపలికి పెట్టకుండా ఓవెన్ కాళ్ళకి సరిగ్గా కింద వచ్చేలా చేయించండి. ఆ మూల పై అల్మరా అడుగు మాత్రం 108 + 31 + 20 లెక్కన 159 కంటే కిందికి రాకూడదు.

లోపం కూడా చెప్పాలి. ఫ్రిజ్ మీకు అవతలి చివర. చల్లటి గిన్నె తీసి రెండున్నర మీటర్లు హాబ్ ముందు నుంచి నడవాలి. ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు వాళ్ళ వెనకగా పోవాలి.

---

వంటిల్లు_మార్పు

అందరికీ ధన్యవాదాలండీ. తలుపు తిరిగే వైపు సంగతి మా డ్రాయింగ్‌లో ఎవరూ పట్టుకోలేదు. బిల్ట్-ఇన్ ఓవెన్ మాకు కావాల్సిందే కాబట్టి టాల్ యూనిట్ ఎలాగూ వస్తుంది. ఇంకా రెండు ప్రశ్నలు.

1. మైక్రోవేవ్ కనపడకుండా ముందు షట్టర్ వేయొచ్చా?
2. బిల్ట్-ఇన్‌లో తలుపు కిందికి తెరుచుకునేవి ఉన్నాయట. అది తీసుకుంటే లాగే పలక అక్కర్లేదు కదా?

---

రంపం_ఉలి

షట్టర్ వేయొచ్చు, మూసి ఉంచి నడపకూడదు. వంట అయిపోయాక కూడా చల్లార్చే ఫ్యాన్ కొంతసేపు తిరుగుతుంటుంది, ముఖ్యంగా కన్వెక్షన్ వాడాక. గంట మోగగానే షట్టర్ మూసేస్తే వేడి, ఆవిరి అంతా గూట్లోనే చుట్టుకుంటాయి. నెలల్లో లామినేట్ మూలలు లేస్తాయి. పైకి లేచి అక్కడే నిలబడే లిఫ్ట్-అప్ షట్టర్ గానీ, పక్కకి లోపలికి జారిపోయే పాకెట్ షట్టర్ గానీ అయితే తెరిచి వదిలేయడానికి ఇబ్బంది ఉండదు. మామూలు బందుల షట్టర్ వేస్తే అదీ ఓవెన్ తలుపూ ఒకదాని దారికి ఒకటి అడ్డం వస్తాయి. పాకెట్ షట్టర్‌కి పక్కన ఇంకో 5, 6 సెం.మీ. వెడల్పు తింటుంది, 65 కాస్తా 70 దాటుతుంది, హాబ్ పక్కన 40 నిలవదు. మీ కొలతల్లో నేనైతే షట్టర్ వద్దనే అంటాను.

---

కొలతబద్ద

కిందికి తెరిచే తలుపు విషయం. గట్టు వైపు అడ్డు పోతుంది, అంతవరకు మంచిదే. కానీ తెరిచినప్పుడు అది ముందుకి 35 సెం.మీ. అటూ ఇటూ అరలా నిలబడుతుంది. 104 ఎత్తులో 152 మనిషికి అది సరిగ్గా ఛాతీ కిందికి వస్తుంది. మనిషి ఆ మేరకు వెనక్కి జరిగి, తలుపు మీదుగా ముందుకి చెయ్యి చాపి గిన్నె ఎత్తాలి. బరువు గిన్నెని చాచిన చేతులతో లాగడం ఎత్తుగా పెట్టినంత ప్రమాదం. కొందరు గిన్నెని ఆ తలుపు మీదే ఒక్క క్షణం ఆనిస్తారు. బందులు వంగితే తలుపు సరిగా మూసుకోదు, మూసుకోని తలుపుతో మైక్రోవేవ్ నడపకూడదు. కిందికి తెరిచేది తీసుకుంటే పలక లేకుండా 104 మీదే ఉంచండి, 109 చేయకండి. ప్రతి సెంటీమీటరూ ఇక్కడ లెక్కే. పక్కకి తెరిచే రకమైతే మాత్రం పలక ఉండాల్సిందే. మీ ఇద్దరి ఎత్తులు చూస్తే నా ఓటు పక్కకి తెరిచే బిల్ట్-ఇన్, కింద లాగే పలక, యూనిట్ 60. హాబ్ పక్కన 45 మిగులుతుంది.

బిల్ట్-ఇన్‌లో కొన్ని మోడళ్ళకి కుడి బందులు కూడా దొరుకుతాయి. అది దొరికితే పలక కూడా అక్కర్లేదు, తలుపు ఫ్రిజ్ వైపు తెరుచుకుంటుంది, గిన్నె నేరుగా ఎడమ గట్టు మీదికి దించొచ్చు. ముందు దాని కోసం వెతకండి. అప్పుడు ఫ్రిజ్ ఎంత ముందుకి పొడుచుకొస్తుందో చూసుకోవాలి. ఫ్రిజ్‌లు చాలావరకు 60 దాటి 68, 70 దాకా లోతు ఉంటాయి, వెనక గాలికి ఇంకో 5. టాల్ యూనిట్ కంటే ఫ్రిజ్ 12, 15 సెం.మీ. ముందుకి నిలిస్తే మైక్రోవేవ్ తలుపు 90 డిగ్రీలు తెరుచుకోకముందే ఫ్రిజ్ పక్కకి తగులుతుంది. రెండిటి మధ్య 5 సెం.మీ. ఫిల్లర్ పట్టీ వేస్తే ఆ తలుపు తిరగడానికి చోటొస్తుంది. ఆ 5 హాబ్ పక్క 45 లోంచే తీయాలి, 40 మిగులుతుంది.

---

ఫేజ్_న్యూట్రల్

పనుల వరుస ఒక్కటి గుర్తుంచుకోండి. ముందు మోడల్ ఖాయం చేసి, దాని ఇన్‌స్టలేషన్ షీట్ తెచ్చుకోండి. అందులో తీగ బయటికి వచ్చే చోటు, సాకెట్ పెట్టకూడని ప్రాంతం బొమ్మ గీసి ఉంటాయి. అది చూసి నేను చెప్పిన పై అర సాకెట్ అందుతుందో లేదో తేల్చుకుని అప్పుడు గోడ కొట్టించండి. గూడు కోయడం అన్నిటికంటే చివర.

---

గట్టు_మూల

కోయించే ముందు ఒక సాయంత్రం అట్టపెట్టెలు పేర్చి 104 ఎత్తులో ఒక డబ్బా, 109 ఎత్తులో ఒక డబ్బా పెట్టి చూడండి. లోపల సగందాకా నీళ్ళు పోసిన బరువు గిన్నె, ఎడమ పక్క తలుపుకి బదులు నిలువుగా ఒక అట్ట. 152 ఎత్తు మనిషే వచ్చి గిన్నె తీసి గట్టు మీద దించాలి. చల్లనీళ్ళే కాబట్టి ఒలికినా పరవాలేదు. ఏ ఎత్తులో ఒలకలేదో ఆ అంకె గోడ మీద పెన్సిల్‌తో రాసి మేస్త్రికి చూపించండి.